దారికి మించిన బరువు

ఒక దారి ఎంత వెడల్పు గలదో తెలిపే లెక్క ఇంజనీర్ల పటాలలో ఉంటుంది. కాని ఆ లెక్క దారిని గురించి సగం సంగతినే చెప్పగలదు. ఎడ్లబండి వచ్చినప్పుడు, పెళ్ళి ఊరేగింపు వచ్చినప్పుడు, శవాన్ని మోసికొని పోయేటప్పుడు ఒకే వీధి మూడు విధాలుగా ఒత్తిగిలి దారి ఇస్తుంది. అరుగుమీద కూర్చున్నవాడు కాళ్ళు ముడుచుకొంటాడు. కూరగాయలు అమ్మే స్త్రీ తన గంపను వెనుకకు లాగుకొంటుంది. సైకిలుమీద వచ్చేవాడు దిగి గోడకు ఆనుకొంటాడు. కాబట్టి దారి కొంత నేలమీద, కొంత మనుష్యుల సమ్మతిమీద నిలిచి ఉన్నది. తేలికగా నడిచిపోయేవానికి ఈ రెండవ భాగం కనబడదు. తనకు చాలని దారిలో పెద్ద బరువును వెంటబెట్టుకొని పోవలసినవానికి అడుగడుగునా అదే కనబడుతుంది.

రోడ్లు వేసే పనిలో నా ఆయుష్షు చాలవరకు గడిచింది. అయినా ఈ మాట నాకు బోధపడినది 2021 డిసెంబరులో. అప్పుడు నేను బొంబాయి ఎదుటనున్న నవాశేవా రేవునుండి షోలాపూరు జిల్లాకు ఒక యంత్రం వెంట తొమ్మిది రోజులు ప్రయాణం చేశాను. అది కాంక్రీటు రోడ్డును పరిచే యంత్రం. రోడ్లు వేయడానికే పుట్టిన ఆ యంత్రానికి మన రోడ్లలో ఒక్కటీ సరిపోలేదు. దర్జీవానికి ఒంటిమీద చొక్కా లేదన్నట్లున్నది గదా అని మొదట మేము నవ్వుకొన్నాము. ప్రయాణం ముగిసేసరికి ఆ నవ్వు కొంత తగ్గింది.

ఆ యంత్రాన్ని స్లిప్‌ఫామ్ పేవర్ అంటారు. పూర్వం సిమెంటు రోడ్డు వేయవలెనంటే రెండు అంచులవెంట ఇనుప చట్రాలు నిలిపి, వాటి నడుమ కాంక్రీటు పోసి, బల్లలతో చదును చేసి, అది గట్టిపడిన తరువాత చట్రాలను ఊడదీసేవారు. ఈ యంత్రానికి ఆ చట్రాలతో పనిలేదు. అచ్చు దాని కడుపులోనే ఉన్నది. టిప్పర్లు వచ్చి దానిముందు బిరుసైన కాంక్రీటును కుమ్మరిస్తవి. యంత్రం దానిని ఈ కొసనుండి ఆ కొసదాకా సర్దుకొంటుంది. కంపించే కడ్డీలు అందులో మునిగి లోపలి గాలిని వెలికి తరుముతవి. యంత్రం ముందుకు సాగినకొద్దీ వెనుకనుండి నునుపైన పలక వెలువడి, ఏ ఆసరా లేకుండ తన అంచులను తానే నిలుపుకొంటుంది. పక్కన మేకులమీద బిగించిన సన్నని తీగను యంత్రానికున్న ఒక ఇనుపవేలు సదా తడుముతూ ఉంటుంది. దారి ఎత్తూ వంపూ ఆ స్పర్శవల్లనే దానికి తెలుస్తవి. నిమిషానికి మీటరో, రెండు మీటర్లో దాని నడక. అది పనిచేయగా చూచినవారికి, గుడ్డివాడు గోడ తడుముకొంటూ శ్రద్ధగా నడుస్తున్నట్లు తోస్తుంది.

జవాహర్‌లాల్ నెహ్రూ రేవు 1989 మే 26న ప్రారంభమయింది. దానికి చేరువలోనే సముద్రంలో ఘారాపురి ద్వీపం ఉన్నది. అక్కడి గుహలో కొండను తొలిచి మలచిన మూడు ముఖాల శివుడు ఉన్నాడు. రేవు మాత్రం ఒకే కొలతమీద నడిచే లోకం. ఇరవై అడుగుల పెట్టె, నలభై అడుగుల పెట్టె. రెండింటికీ వెడల్పు ఎనిమిది అడుగులే. ప్రపంచంలోని వర్తకమంతా ఆ ఎనిమిది అడుగులలో ఇమిడి వస్తుంది. క్రేన్లు, ట్రెయిలర్లు, గిడ్డంగులు అన్నీ ఆ కొలతను నమ్ముకొని ఉన్నవి. అందులో ఇమడని వస్తువుకు అక్కడ పెద్ద గౌరవం ఉండదు. మా యంత్రం పక్కగోడలు లేని పెట్టెమీద గొలుసులతో కట్టుబడి వచ్చి, ఒక మూల పదకొండు రోజులు కాగితాలకోసం కాచుకొన్నది.

దాని కాళ్ళు, అచ్చు, కన్వేయరు విడదీసి వేరు లారీలలో ఎక్కించాము. మిగిలిన మొండెం తూకం 46 టన్నులు, వెడల్పు 3.4 మీటర్లు. నేలను అంటుకొని పోయే ట్రెయిలరుమీద ఎక్కించిన తరువాత దాని నెత్తి నేలనుండి 4.5 మీటర్ల ఎత్తున నిలిచింది. మన మోటారు వాహనాల నియమావళి రోడ్డుమీద పోయే బండికి 2.6 మీటర్ల వెడల్పును హద్దుగా పెట్టింది. దానిని దాటిన ప్రతిదానికి వేరుగా అనుమతి కావలె. ఏ దారిన పోతుంది, ఏ వంతెనలు దాటుతుంది, ఒక్కొక్క ఇరుసుమీద ఎంత బరువు పడుతుంది అని ముందుగా చెప్పవలె. ఈ నియమం ఉత్తది కాదు. వంతెనకు నోరు లేదు. తాను మోయగలదా లేదా అని అది ముందుగా చెప్పదు. అందుచేత బరువును అనేకమైన ఇరుసులమీద పంచి, ఏ ఒక్కదానిమీదనూ ఎక్కువ పడకుండ పోవడమే ఈ విద్యలోని మర్మం.

యంత్రం కదలడానికి పది దినాలు ముందే ఇద్దరు మనుష్యులు జీపులో ఆ దారి అంతా పోయివచ్చారు. వారి చేతిలో మీటరు గుర్తులు వేసిన ఒక పొడవాటి గడ ఉన్నది. దారికి అడ్డంగా ఉన్న ప్రతి వస్తువు దగ్గర జీపు దిగి, గడ నిలిపి, నోటుబుక్కులో వ్రాసుకొన్నారు. విద్యుత్తు రైళ్ళు నడిచే మార్గాలలో గేట్లవద్ద రెండువైపులా ఇనుపదూలాలు ఉంటవి, వాటికింద 4.67 మీటర్లకు మించి ఎత్తు ఉండదు. అంటే మాకు మిగిలినది జానెడు కూడ లేదు. వీధులకు అడ్డంగా పోయే మామూలు కరెంటు తీగలు 5.8 మీటర్లు, 11,000 వోల్టుల తీగలు 6.1 మీటర్లు ఎత్తున ఉండవలెనని పాత విద్యుత్తు నిబంధనలు చెప్పుతున్నవి. కాని నిబంధన పుట్టిన తరువాత స్తంభం ఒరుగుతుంది, ఎండకు తీగ సాగుతుంది, రోడ్డు మరమ్మతుకు వచ్చినవారు పాతదానిమీదనే కొత్త పొర వేసి నేలను పైకి తెస్తారు. ఆ నోటుబుక్కు నాకు ఇచ్చినప్పుడు దానిని ఒక గ్రంథంవలె చదివాను. కొమ్మలు, కమానులు, రేకులు, జెండాకొయ్యలు, సినిమా ప్రకటనల బల్లలు, దేవుని పందిళ్ళు—నాలుగువందల కిలోమీటర్లలోపున మన జనం ఆకాశంలోనికి చాచిన చేతులన్నీ అందులో ఉన్నవి.

మా బండిని నడిపినవాడు హర్యానావాడు. యాభై దాటినవాడు, మాట తక్కువ. యంత్రం నెత్తిమీద కూర్చున్నవాడు షోలాపూరు తెలుగువాడు. మగ్గాలు వెంటబెట్టుకొని తెలుగుదేశం నుండి వలసవచ్చిన పద్మశాలీలు ఆ నగరంలో తరతరాలుగా ఉన్నారు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, లారీమీద హిందీ వారికి సహజం. తాత చాదర్లు నేసినాడు. మనుమనికి మరమగ్గంవద్ద పని దొరకక బండ్లమీదకు వచ్చినాడు. అతని ఆయుధం ఒక ఎండు వెదురుగడ. దాని కొసను పంగవలె చేసి, పాత సైకిలు ట్యూబు చుట్టినాడు. అడ్డం వచ్చిన తీగను ఆ పంగలో పట్టి, మెల్లగా ఎత్తి, యంత్రం కిందుగా సాగిపోయేదాకా దానితోపాటు తాను వెనుకకు నడిచి, చివర పసిబిడ్డను దించినట్లు దించుతాడు.

"టీవీ తీగ, టెలిఫోను తీగ ఎత్తుత సారూ. కరెంటు తీగ ఎత్త. దానికి లైన్ క్లియర్ వచ్చెదాక బండి కదలదు. డ్రైవరు తాత చెప్పినా కదలదు," అన్నాడు మొదటిరోజున. లైన్ క్లియర్ అనగా ఆ తీగలో విద్యుత్తు నిలిపినామని విద్యుత్తు శాఖవారు ఇచ్చే హామీ. గడ ఎంత ఎండినదైనా 11,000 వోల్టులకు అది లెక్క కాదని అతనికి తెలుసు. తనతో పనిచేసిన ఒకడు ఆ సంగతి తెలియకనే పోయినాడని మరొక రోజున చెప్పినాడు. ఎలా పోయినదీ చెప్పలేదు.

మూడవనాటి రాత్రి భోర్ ఘాటు ఎక్కినాము. పోలీసులు మాకు ఇచ్చిన వేళ నడిజాము దాటిన తరువాత. ముందొక బండి లాగుతూ, వెనుకనుండి మరొక బండి నెట్టుతూ, మనిషి నడకకంటె నెమ్మదిగా పైకి పోయినాము. చక్రాలకింద పెట్టే కొయ్యదిమ్మెలు పట్టుకొని ఇద్దరు కుర్రవాళ్ళు ఇరుపక్కల నడిచారు. కొంకణ తీరాన్ని దక్కను పీఠభూమితో కలిపే ఈ కొండదారిని చక్రాలబండ్లు పోయే విధంగా 1830లో తెరిచారు. అప్పుడు బొంబాయి గవర్నరు జాన్ మాల్కం. అంతకుముందు సరకంతా ఎద్దులవీపులమీద పోయేది. 1863లో రైలు ఇదే కొండను ఎక్కింది. 2002 నాటికి బొంబాయి–పూనా ఎక్స్‌ప్రెస్ రహదారి పూర్తయింది. ప్రతి తరంవారు తమ బరువును ఈ కొండమీదకు ఎక్కించడానికి పూర్వులు వేసిన దారి చాలదనే అనుకొన్నారు.

ఖండాలా దగ్గర ఒకచోట డ్రైవరు చేయి చాచి చీకటిని చూపినాడు. అక్కడ బ్రిటిషువారి నాటి రాతివంతెన ఒకటి ఉండేది. అదీ 1830 నాటిదే అంటారు. చాలకాలం దానివద్ద అమృతాంజనం ప్రకటన ఉండడంచేత జనం దానిని అమృతాంజన్ వంతెన అని పిలిచేవారు. 1893లో బొంబాయిలో ఆ లేపనాన్ని తయారుచేయ మొదలుపెట్టినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1908లో ఆంధ్రపత్రిక పుట్టినదీ ఆ నగరంలోనే. కొండదారిలో ఒక తెలుగువాని తలనొప్పి మందు పేరు రాతివంతెనకు స్థిరపడిపోవడం వింతయైన కీర్తి. దాని స్తంభాలు రహదారిని ఇరుకుచేసి ప్రమాదాలకు కారణమవుతున్నవని 2020 ఏప్రిల్‌లో, దేశమంతా ఇండ్లలో తలుపులు వేసికొని ఉన్న రోజులలో, మందుగుండు పెట్టి దానిని కూల్చివేశారు.

ఆ వంతెన ఉండి ఉంటే దానికిందుగా మా బరువును దాటించడం బహు కష్టమయ్యేది. అది లేనందువల్ల మాకు మేలే జరిగింది. డ్రైవరు ఆ సంగతే చెప్పబోయి, సగంలో ఆపి, "మా నాయన కూడ దానికిందనే పోయేవాడు," అన్నాడు. దారి వెడల్పు కావడంలో ఎప్పుడూ ఏదో ఒకటి తొలగవలె. తొలగినదాని విలువ, తొలగించినందువల్ల మిగిలిన ప్రాణాల విలువ ఒకే త్రాసులో తూగవు. అందుచేత తూచకుండనే ఉండిపోవడం మనకు అలవాటయింది.

పూనా దాటిన తరువాత దారి చదునుగా, తిన్నగా తూర్పునకు పోయింది. ఇది షోలాపూరుమీదుగా హైదరాబాదు, విజయవాడ దాటి మచిలీపట్నం వరకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి. ఆషాఢంలో తుకారాం పాదుకల పల్లకి పండరిపురానికి నడిచే దారి కూడ యవత్, ఇందాపూర్‌ల దగ్గర దీనితో కలుస్తుంది. అప్పుడు వేలాది భక్తుల నడకకు లారీలే పక్కకు తప్పుకొంటవి. మేము గంటకు ఇరవై కిలోమీటర్లు మించకుండ పోయినాము. భిగ్వణ్ వద్ద ఉజనీ జలాశయపు నీరు రోడ్డుకు దగ్గరగా కనబడింది. వెదురుగడ మనిషి పైనుండి చూచి, "రాజహంసలు వచ్చినయి సారూ," అని కేకవేసినాడు. మాకు కిందినుండి తుమ్మచెట్లే కనబడినవి.

ఊరు వచ్చినప్పుడెల్లా జనం గుమిగూడేవారు. వారిని చూచి నాకు రథోత్సవం జ్ఞప్తికి వచ్చేది. మన దేశంలో దారికి మించిన బరువు వీధిలో నడవడం కొత్తకాదు. పూరీలోను, దక్షిణాది దేవాలయాలున్న ఎన్నో ఊళ్ళలోను ఏటా ఒకనాడు వీధికి మించిన ఎత్తుగల తేరు కదులుతుంది. ఆనాడు తీగలు విప్పుతారు, పందిళ్ళు తీస్తారు, మలుపులవద్ద చక్రాలకింద కొయ్యదిమ్మెలు వేసి తేరును తిప్పుతారు. ఇరుకైనందుకు ఎవరూ వీధిని నిందించరు. పెద్దదైనందుకు తేరునూ నిందించరు. కాని ఒక భేదం ఉన్నది. తేరు మళ్ళీ తన చోటికి వచ్చి నిలుస్తుంది. విప్పిన తీగ మరునాడు కట్టుకొంటారు, వీధి ఎప్పటివలెనే ఉంటుంది. మా యంత్రం తిరిగిరాదు. అది పోయినచోట వీధియొక్క రాతనే మార్చుతుంది.

ఎనిమిదవనాడు మేము పెద్ద రోడ్డు విడిచి పద్నాలుగు కిలోమీటర్ల చిన్నదారిలో తిరిగినాము. నడుమ ఒక సంత ఊరు ఉన్నది. ఆ ఊరి బజారుగుండా పోయే లారీలను ఊరి వెలుపలినుండి మళ్ళించడానికే మేము వేయబోయే రోడ్డు. వెలుపలి దారి ఇంకా లేదు గనుక యంత్రం బజారుగుండానే పోవలె. గడ పట్టుకొని వచ్చినవారి నోటుబుక్కులో ఈ ఒక్క బజారుకే మూడు పుటలు పట్టినవి: దారిమీదకు చాచిన రేకులు ఇరవై మూడు, టీవీ తీగలు తొమ్మిది, వేపకొమ్మ ఒకటి, ఒరిగిన కరెంటు స్తంభం ఒకటి.

తెల్లవారకముందే చేరి కాచుకొన్నాము. విద్యుత్తు ఉద్యోగి వచ్చి లైన్ క్లియర్ ఇచ్చేసరికి ఏడయింది. పిండిమర ఆగిపోయింది. జొన్నలు నెత్తిన పెట్టుకొని వచ్చిన ఆడవాళ్ళు గుడిమెట్లమీద కూర్చున్నారు. నలభై నిమిషాలు మాత్రమే గడువు. ఒక్కొక్క కొట్టువాడు తన రేకును తానే విప్పుకొన్నాడు. వేపకొమ్మను నరుకవద్దని ఊరివారు కోరినందున దానికి తాడుకట్టి నలుగురు కుర్రవాళ్ళు పక్కకు లాగి పట్టుకొన్నారు.

బజారు నడుమ ఒక టీకొట్టు ఉన్నది. దాని యజమానురాలు అరవై ఏండ్ల స్త్రీ. ముందుకు వాలిన పందిరిగుంజ ఊడిరాకపోతే, ఆమె దానిని భుజాన పెట్టి ఎత్తి నిలబడింది. మా తెలుగువాడు పైనుండి, "మావశీ, నువ్వు జరుగు, నేను దిగి పడత," అని మరాఠీలో అరిచినాడు. మావశీ అంటే పిన్నమ్మ.

"నువ్వు నీ తీగ చూచుకో నాయనా. నా గుంజ నేను పట్టుకొంటాను," అన్నది ఆమె. బండి దాటిన తరువాత గుంజ దించి, చెమట తుడుచుకొని, నావైపు తిరిగి, "బయటి రోడ్డు వేసే యంత్రం ఇదేనా?" అని అడిగింది.

ఔనన్నాను.

"మంచిది. పోయిన ఏడు బడికి పోయే పిల్ల ఇక్కడే, ఈ మోరీ దగ్గర, లారీకింద పడిపోయింది. ఆ లారీలు ఊళ్ళోకి రావద్దని సర్పంచు వ్రాసిన కాగితంమీద నేనూ వేలిముద్ర వేశాను."

"మరి మీ కొట్టు?"

"లారీలవాళ్ళు తాగితేనే కొట్టు. అది నాకు తెలుసు. కొట్టు సంగతి ఎవరూ అడగలేదు," అన్నది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. పాలు పొంగుతున్నవి, లోపలికి పోయింది. వచ్చి మా అందరికీ టీ పోసింది. డబ్బు తీసికొన్నది, ఒక్క వెదురుగడ మనిషివద్ద తీసికొనలేదు.

యంత్రం తొమ్మిదవనాడు పనిచోటికి చేరింది. పది దినాలలో దాని అవయవాలు మళ్ళీ అతికి, తన కాళ్ళమీద తాను నిలిచి, పలకను వెలువరించసాగింది. ఆ పలక అందమైనది. అంత చక్కని పని చూచినప్పుడు నావంటివానికి కలిగే సంతోషం ఇప్పుడూ కలిగింది. 2023లో ఆ వెలుపలి రోడ్డు తెరిచారు. ఆ తరువాతి సంవత్సరం నేను ఆ ఊరికి పోయినాను. బజారులో పిల్లలు చేతులు విడిచి సైకిళ్ళు తొక్కుతున్నారు. వేపకొమ్మ కిందికి వంగి ఉన్నది. మూడు టీకొట్లలో ఒకటి మిగిలింది. అది ఆమెది కాదు. ఆమె కూతురివద్దకు పోయిందని, ఆమె చెల్లెలి కొడుకు వెలుపలి రోడ్డుమీద తోపుడుబండి పెట్టినాడని చెప్పినారు. పెద్ద రోడ్డు అంచున బండ్లు నిలుపరాదు గనుక అప్పుడప్పుడు వచ్చి అతనిని తరుముతూ ఉంటారట. అదీ తప్పనలేము, వేగంగా వచ్చే లారీలముందు తోపుడుబండి నిలవడం ప్రమాదమే.

రోడ్డుకు భూమి ఇచ్చినవానికి పరిహారం ఉన్నది. రోడ్డు తన గుమ్మం విడిచి తొలగిపోయినందువల్ల బేరం పోయినవానికి మన లెక్కలలో పద్దు లేదు. 1943లో నాగపూరులో దేశంలోని చీఫ్ ఇంజనీర్లందరు కూర్చుండి రోడ్లకు ఒక ప్రణాళిక వేసినప్పుడు, సేద్యమున్న సీమలలో ఏ గ్రామమూ పెద్ద రోడ్డుకు అయిదు మైళ్ళకంటె దూరంగా ఉండరాదని ఆశించారు. రోడ్డు ఊరిని చేరుకోవడమే ఆనాటి కల. అది గొప్ప కల. ఊరిని తప్పించుకొని పోవడమే మేలైన రోజు వస్తుందని, ఆ మేలులో కూడ ఒక నష్టం దాగి ఉంటుందని ఆ ప్రణాళికలో చోటుచేయవలసిన అవసరం వారికి రాలేదు. మనకు వచ్చింది.

వెలుపలి రోడ్డు వేయకూడదని నేను అనను. ఆ మోరీ దగ్గర పడిపోయిన పిల్లను తలచినవాడెవడూ అనలేడు. టీ పోసిన ఆమె సైతం అనలేదు. కాని ఒక సంగతి నన్ను విడువకున్నది. 46 టన్నుల ఇనుము ఒక్కసారి ఆ బజారుగుండా పోవడానికి మేము ప్రతి రేకును, ప్రతి తీగను, ఒక వేపకొమ్మను కూడ గడపెట్టి కొలిచి, మూడు పుటలు వ్రాసికొన్నాము. ఎవరి పందిరి ఎన్ని అంగుళాలు అడ్డం వస్తుందో మాకు తెలుసు. ఆ పందిరికింద ఎందరు బ్రతుకుతున్నారు, లారీలు రాకపోతే వారికి ఏ దారి, వెలుపలి కూడలిలో ప్రమాదం లేని చోట పది కొట్లకు జాగా విడువవచ్చునా అని వ్రాసికొనడానికి నాలుగవ పుట చాలేది. అది చేయలేని పని కాదు. ఘాటులో కొండను ఎక్కడంకంటె, జానెడు సందున ఇనుపదూలం కింద దాటడంకంటె చాల సులభం. గడ పట్టుకొని ముందుగా నడిచేవారు ఉండనే ఉన్నారు. వారు ఆ బజారులో ప్రతి కొట్టుముందు జీపు దిగనే దిగినారు. దిగినచోట ఇంకొక ప్రశ్న అడగవలసి ఉన్నది.